పాఠం చెప్పడం ఎవరి వారసత్వం?
సైన్స్ పరిశోధకుల బోధనా శిక్షణ మీద ఒక విమర్శ

అ ఆలు నేర్పే టీచరుకి డీఎడ్ కావాలి. హైస్కూల్లో లెక్కలు చెప్పాలంటే బీఎడ్ కావాలి, ఆపైన టెట్ రాయాలి, డీఎస్సీ రాయాలి. అదే యూనివర్సిటీలో ఎమ్మెస్సీ క్లాసుకి వెళ్ళి క్వాంటం మెకానిక్స్ చెప్పే మనిషికి పాఠం చెప్పడంలో ముందుగా ఏ శిక్షణా అక్కర్లేదు. ఎందుకని అడిగితే సైన్స్ డిపార్ట్‌మెంట్లలో వినపడే జవాబు ఒకటే: సబ్జెక్టు వస్తే పాఠం చెప్పడం దానంతటదే వస్తుంది. ఈ మాట అనేవాళ్ళంతా దుర్మార్గులని మేం అనడం లేదు. చాలామంది నిజంగా నమ్మే అంటారు. వాళ్ళకి అట్లాగే వచ్చింది కూడా. ఎట్లా వచ్చింది, ఎవరికి అట్లా రాదు అని అడగడమే ఈ వ్యాసం పని.

దళిత ఉద్యమం విశ్వవిద్యాలయాల గురించి ఇంతవరకూ ప్రధానంగా సీట్లు, స్కాలర్‌షిప్పులు, హాస్టళ్ళు, రోస్టర్, వివక్ష గురించి మాట్లాడింది. మాట్లాడాల్సిందే. 2018 మార్చిలో డిపార్ట్‌మెంటును యూనిట్‌గా తీసుకుని రోస్టర్ లెక్కించమని యూజీసీ చెప్పినప్పుడు దేశమంతా లేచింది కాబట్టే 2019లో పార్లమెంటు చట్టం చేసి విశ్వవిద్యాలయాన్ని మళ్ళీ యూనిట్ చేసింది. కానీ పోస్టు దాకా వెళ్ళే దారిలో, పోస్టు వచ్చాక క్లాసులో, మన పరిశోధకుడు ఏ ఆయుధంతో నిలబడుతున్నాడన్న విషయాన్ని మనం వాడి సొంత తెలివికి వదిలేశాం. ముఖ్యంగా సైన్స్‌లో.

కాగితాలు ఏమంటున్నాయి?

సైన్స్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే దాటాల్సిన గడప సీఎస్ఐఆర్-యూజీసీ నెట్, లేదా రాష్ట్రం పెట్టే సెట్. సోషల్ సైన్సెస్, భాషల వాళ్ళు రాసే యూజీసీ నెట్‌లో మొదటి పేపరు బోధన, పరిశోధనా సామర్థ్యాల మీద ఉంటుంది. అందులో ప్రశ్నలు ఎంత నాసిగా ఉన్నా బోధన అనేది తెలుసుకోవాల్సిన ఒక విషయమని ఆ పేపరు ఒప్పుకుంటుంది. సైన్స్ నెట్‌లో ఆ పేపరే లేదు. 'ఎ' భాగంలో లెక్కలు, తర్కం, గ్రాఫులు. 'బి', 'సి' భాగాల్లో సబ్జెక్టు. 3 గంటలు, 200 మార్కులు. లెక్చరర్ అర్హత ఇచ్చే పరీక్షలో పాఠం చెప్పడం అనే భాగమే లేదు.

తర్వాత ఎంపిక. 2018 జులైలో యూజీసీ తెచ్చిన నిబంధనల్లో యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ల కోసం 100 మార్కుల పట్టిక ఉంది. డిగ్రీకి 15 దాకా, పీజీకి 25 దాకా, పీహెచ్‌డీకి 30, జేఆర్ఎఫ్‌తో నెట్ ఉంటే 7, ప్రచురణలకి 10, అవార్డులకి 3. బోధనా అనుభవానికి లేదా పోస్ట్ డాక్టొరల్ అనుభవానికి ఏడాదికి 2 చొప్పున 10 దాకా. ఆఖరి గడిని గమనించండి. అయిదేళ్ళు క్లాసులో నిలబడ్డా ఒకటే, అయిదేళ్ళు విదేశీ ల్యాబ్‌లో ఉన్నా ఒకటే. రెండిటినీ ఒకే గడిలో వేశారు. పైగా ఈ మార్కులు ఇంటర్వ్యూకి పిలవడానికే. ఎంపిక మాత్రం ఇంటర్వ్యూని బట్టే జరగాలని అదే నిబంధన చెబుతుంది. ఇంటర్వ్యూ దశలో క్లాసులో పాఠం చెప్పించి చూడొచ్చు అని కూడా ఉంది. చూడొచ్చు అన్నారు, చూడాలి అనలేదు.

ఈ 'వచ్చు' అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. 2020 జాతీయ విద్యా విధానం రెండు మాటలు చెప్పింది. కొత్తగా చేరే పీహెచ్‌డీ విద్యార్థులంతా తమ సబ్జెక్టుకు సంబంధించి బోధనలోనో, విద్యాశాస్త్రంలోనో, రచనలోనో క్రెడిట్ కోర్సులు చెయ్యాలి. దాంతోపాటు కనీసం ఇన్ని గంటలని నిజంగా పాఠం చెప్పిన అనుభవం ఉండాలి. రెండేళ్ళ తర్వాత, 2022 నవంబర్‌లో, యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు వచ్చాయి. మొదటి మాట 'చెయ్యాలి'గానే మిగిలింది. రెండో మాట మారిపోయింది. వారానికి 4 నుంచి 6 గంటలు ట్యుటోరియల్స్, ల్యాబ్, మూల్యాంకనం పనులు అప్పగించొచ్చు అని అయింది. విధానంలో ఉండాలి అన్నది నిబంధనలోకి వచ్చేసరికి 'వచ్చు' అయిపోయింది.

ఇంకో సంగతి. శిక్షణ పొందాలి అనే బాధ్యతని ఎవరి నెత్తిన పెట్టారు? పరిశోధక విద్యార్థి నెత్తిన. శిక్షణ ఇవ్వాల్సింది ఎవరు? గైడా? డిపార్ట్‌మెంటా? ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంటా? ఆ వాక్యంలో వాళ్ళెవరూ లేరు. బోధన, విద్య, పెడగాజీ, రచన అని గీతలు పెట్టి పక్కపక్కన రాశారు కాబట్టి రీసెర్చ్ పేపరు రాయడం మీద నాలుగు రోజుల వర్క్‌షాప్ పెట్టి సంతకాలు తీసుకుంటే నిబంధన నెరవేరినట్టే.

పైగా పీహెచ్‌డీలో శిక్షణ ఇచ్చినా అది అందరికీ అందదు. యూనివర్సిటీ ఉద్యోగానికి పీహెచ్‌డీ తప్పనిసరి అన్న షరతుని 2023 జూన్‌లో తీసేశారు. నెట్, సెట్ ఉంటే చాలు. ఈ మార్పు వల్ల పీహెచ్‌డీ పూర్తిచేసే స్తోమత లేని మన పిల్లలకి మేలు జరగొచ్చు, దాన్ని మేం తప్పుపట్టడం లేదు. అయితే అప్పుడు ఎమ్మెస్సీ అయిపోయి నెట్ పాసైన మనిషి రేపు క్లాసులో నిలబడతాడు. వాడికి నేర్పాల్సింది ఎవరు, ఎప్పుడు? ఉద్యోగం వచ్చాక. 1986 విద్యావిధానం తర్వాత యూజీసీ పెట్టిన అకడమిక్ స్టాఫ్ కాలేజీలే 2015లో మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలయ్యాయి, 2023లో మాలవీయ మిషన్ కేంద్రాలయ్యాయి. పేరు రెండుసార్లు మారినా పద్ధతి అదే: ముందు ఉద్యోగం, తర్వాత శిక్షణ. శిక్షణ ప్రమోషన్‌కి పనికొచ్చే సర్టిఫికెట్. రెగ్యులర్ పోస్టు రాక ఏళ్ళ తరబడి గంటల లెక్కన, కాంట్రాక్టు మీద పాఠాలు చెబుతున్న వాళ్ళకి ప్రమోషనే లేదు, ఇక ఆ సర్టిఫికెట్‌తో ఏం పని? తెలుగు రాష్ట్రాల యూనివర్సిటీల్లో క్లాసులు నడుస్తున్నది చాలావరకూ వాళ్ళ గొంతు మీదే.

ఇంటి శిక్షణ

శిక్షణ లేదు అని ఇంతసేపూ అన్నాం. ఆ మాటని సరిచేసుకోవాలి. శిక్షణ ఉంది. అది క్లాసు బయట జరుగుతుంది.

తండ్రి ప్రొఫెసరో, మేనమామ సైంటిస్టో అయిన ఇంట్లో పిల్లవాడు అన్నం తింటూ సెమినార్ గురించి వింటాడు. వైవాలో తెలియని ప్రశ్న వస్తే పరువు పోకుండా 'నాకు తెలియదు' అని ఎట్లా అనాలో వింటాడు. ఫలానా ప్రొఫెసర్ పాఠం ఎందుకు బాగుండేదో, ఫలానా ఆయన బోర్డు వైపు తిరిగి ఎట్లా గొణిగేవాడో నవ్వుకుంటూ వింటాడు. ఇదంతా బోధనాశాస్త్రమే. దానికి ఫీజు లేదు, సిలబస్ లేదు, దాన్ని శిక్షణ అని ఎవరూ అనరు. వాడు పెద్దయి క్లాసులో అడుగుపెట్టిన రోజున ధారాళంగా మాట్లాడితే, చూశావా, పాఠం చెప్పడం రక్తంలోనే ఉండాలి అంటారు.

మాదిగపల్లె నుంచో, మాలపల్లె నుంచో, తండా నుంచో వచ్చి తన ఇంట్లో మొదటిసారి ఎమ్మెస్సీ చేసిన మనిషికి ఆ ఇంటి పాఠం లేదు. వాడి దగ్గర వేరే పాఠాలున్నాయి, వాటి గురించి తర్వాత చెప్తాం. విశ్వవిద్యాలయం కొలిచే గొంతు, కొలిచే ఇంగ్లిష్, కొలిచే నిబ్బరం వాడు క్లాసులోనే నేర్చుకోవాలి. క్లాసులో అది నేర్పరు. అందుకే బోధనలో శిక్షణ అక్కర్లేదు అన్న మాట అందరినీ సమానంగా వదిలెయ్యడం లేదు. ఇంటి నుంచి తెచ్చుకున్నవాడిని ముందుకి పంపి, తెచ్చుకోని వాడిని అక్కడే ఆపేస్తుంది. దీన్నే మెరిట్ అంటున్నారు. మద్రాసు ఐఐటీ మీద అజంతా సుబ్రమణియన్ 2019లో ప్రచురించిన పుస్తకం కులం తనని తాను మెరిట్‌గా ఎట్లా మార్చుకుంటుందో చూపించింది. ఇంజనీరింగ్ సీటు గురించి ఆమె చెప్పినదాన్ని పాఠం చెప్పే కుర్చీకి కూడా వర్తింపజెయ్యాలని మా వాదన.

తెలిసినదాన్ని చెప్పడం వేరే తెలివి

సబ్జెక్టు వస్తే చాలనే వాదం ఎందుకు తప్పో చిన్న ఉదాహరణ చెప్తాం. మాలో ఒకరు కెమిస్ట్రీలో పీహెచ్‌డీకి చేరిన మొదటి నెలలోనే గైడ్ పిలిచి, ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ మొదటి ఏడాది పిల్లలకి ప్రాక్టికల్స్ ఉన్నాయి, నువ్వెళ్ళి చూసుకో అన్నాడు. ఆరోజు ఆక్సాలిక్ ఆమ్లానికీ పొటాషియం పర్మాంగనేట్‌కీ టైట్రేషన్. ఒక అమ్మాయి అడిగింది: సార్, మొదటి చుక్క రంగు పోవడానికి అంతసేపు పట్టింది, తర్వాత చుక్కలు వెయ్యగానే పోతున్నాయేం? మావాడికి జవాబు తెలుసు. చర్యలో పుట్టిన మాంగనీస్ అయానులే ఆ చర్యకి ఉత్ప్రేరకంగా పనిచేస్తాయి, అందుకే ముందు నెమ్మది, తర్వాత వేగం. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాడే. ఆ క్షణాన నోరు పెగల్లేదు. 'అది అంతే, అట్లాగే వస్తుంది, రీడింగ్ రాసుకో' అన్నాడు. ఆ అమ్మాయి రాసుకుంది. మళ్ళీ ఆ సెమిస్టర్‌లో ఏమీ అడగలేదు.

అప్పుడు చెయ్యాల్సింది ఏమిటి? జవాబు చెప్పెయ్యడం ఒక పద్ధతి. ఇంకో పద్ధతి, 'రెండో ఫ్లాస్క్‌లో చిటికెడు మాంగనీస్ సల్ఫేట్ ముందే వేసి చూడు, ఏమవుతుందనుకుంటున్నావ్?' అని అడగడం. మొదటి చుక్క కూడా త్వరగా రంగు పోగొట్టుకుంటుంది. పక్క బెంచీవాళ్ళు కూడా వచ్చి చూస్తారు. కారణం వాళ్ళ నోటి నుంచే వస్తుంది. ఇది కెమిస్ట్రీ జ్ఞానం ఒక్కటే కాదు, ఉత్త బోధనాపద్ధతీ కాదు. ఫలానా విషయాన్ని ఫలానా వాళ్ళకి ఎట్లా అందించాలో తెలియడం. అమెరికాలో లీ షుల్మన్ 1986లో దీన్ని టీచర్లకే ప్రత్యేకమైన జ్ఞానమని గుర్తించి పేరు పెట్టాడు. ఈ జ్ఞానం ఒకరు చూపిస్తే వస్తుంది, తప్పు చేసినప్పుడు పక్కన ఎవరన్నా ఉండి మాట్లాడితే వస్తుంది. మావాడి పక్కన ఎవరూ లేరు. గైడ్ మీటింగ్‌లో ఉన్నాడు.

చాలా డిపార్ట్‌మెంట్లలో పరిశోధకులు వారానికి ఆరు గంటలు కాదు, ఇంకా ఎక్కువే ల్యాబుల్లో నిలబడుతున్నారు. రికార్డులు దిద్దుతున్నారు, ఇంటర్నల్ పేపర్లు దిద్దుతున్నారు, గైడ్ ఊరెళ్తే ఆయన క్లాసు చెబుతున్నారు. టైమ్ టేబుల్‌లో పేరు ఆయనది. అనుభవ ధ్రువపత్రం అడిగితే రాదు. తెలంగాణ పల్లెల్లో దీన్ని వెట్టి అంటారు. శిక్షణకీ వెట్టికీ గంటల్లో తేడా లేదు. వెళ్ళేముందు ఎవరైనా కూచోబెట్టి చెప్పారా, వచ్చాక ఎట్లా జరిగిందని అడిగారా, ఆ పని నీ పేరు మీద రాశారా అన్న మూడింట్లోనే తేడా ఉంది.

సైన్స్‌లో గైడే సర్వస్వం. ల్యాబు ఆయనది, ఫెలోషిప్ కాగితం మీద సంతకం ఆయనది, పాఠం చెప్పే అవకాశం ఇచ్చేదీ ఆయనే. గైడే దొరకనివాడికి ఏదీ లేదు. 2008లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ పరిశోధకుడు సెంథిల్ కుమార్ చనిపోయినప్పుడు ముందుకొచ్చిన ప్రశ్నల్లో గైడ్ కేటాయింపు ముఖ్యమైనది. ఆ ప్రశ్న ఇంకా తీరలేదు. అందుకే బోధనా శిక్షణని కూడా గైడ్ దయకి వదిలెయ్యొద్దని అంటున్నాం.

బోర్డు దగ్గర నిలబడ్డ మనిషి

దొరుకుతున్న శిక్షణ కార్యక్రమాల్లో ఏం చెప్తారు? గొంతు ఎట్లా పెంచాలి, కళ్ళలోకి ఎట్లా చూడాలి, స్లయిడ్ మీద ఎన్ని లైన్లుండాలి, ఆన్‌లైన్ పరీక్ష ఎట్లా పెట్టాలి. క్లాసు అంటే ఒక యంత్రం, టీచరు దాన్ని నడిపేవాడు అన్నట్టుంటుంది. ఆ క్లాసులో కులం లేదు, ఆడా మగా లేదు, ఊరూ వాడా లేదు.

1918లో అంబేద్కర్ బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ఆర్థికశాస్త్రం ప్రొఫెసర్‌గా చేరాడు. కొలంబియాలో చదివొచ్చిన మనిషి. స్టాఫ్ రూంలో నీళ్ళ కుండ ముట్టుకోవడానికి తోటి ప్రొఫెసర్లలో కొందరు అభ్యంతరం చెప్పారు. విద్యార్థులు మొదట్లో లెక్కచెయ్యలేదు. తర్వాత వేరే కాలేజీల వాళ్ళు కూడా వచ్చి ఆయన పాఠం వినేవాళ్ళు. ఈ కథని మనం గర్వంగా చెప్పుకుంటాం. కానీ ఆ మొదటి వారాల్లో ఆయన ఆ క్లాసుని ఎట్లా నడిపాడన్నది మన పరిశోధకుడికి కావాల్సిన పాఠం. ఇవ్వాళ కుండ లేదు, వాటర్ కూలర్ ఉంది. 'కోటాలో వచ్చిన సార్' అని వెనక బెంచీలో గుసగుస ఉంది. పై కులం మగ టీచరు తడబడితే ఆరోజు ఒంట్లో బాలేదంటారు. దళిత స్త్రీ బోర్డు మీద ఒక మైనస్ గుర్తు మర్చిపోతే అది ఆమె కులం తప్పు, ఆడతనం తప్పు అవుతుంది. ఆ నిమిషంలో ఏం చెయ్యాలి? తప్పు ఒప్పుకుని దిద్దుకోవడం శాస్త్రీయ పద్ధతే అయినా ఆమెకి దాని ఖరీదు వేరు. ఏ శిక్షణా ఈ మాట ఎత్తదు.

ఇక్కడ ఒక అపార్థానికి తావివ్వకూడదు. దళితులకి లోపం ఉంది కాబట్టి శిక్షణ ఇవ్వండని మేం అడగడం లేదు. శిక్షణ ఎక్కువగా కావాల్సింది ఇంటి నుంచే పాఠం తెచ్చుకున్న వాళ్ళకి. వైవాలో మొదటి ప్రశ్నగా 'మీదే ఊరు? నాన్నగారు ఏం చేస్తారు? ఇంటిపేరేంటి?' అని అడిగే అలవాటుని వాళ్ళే మానుకోవాలి. ల్యాబ్‌లో నలుగురి బ్యాచ్‌లో ఎవరు పరికరం పట్టుకుంటున్నారు, ఎవరు అంకెలు రాస్తూ ఉండిపోతున్నారు అన్నది వాళ్ళు చూడటం నేర్చుకోవాలి. 2012లో యూజీసీ తెచ్చిన సమానత్వ నిబంధనలు విద్యార్థిని ల్యాబ్‌లో పనివ్వకుండా ఖాళీగా కూచోబెట్టడాన్ని కూడా వివక్షగానే రాశాయి. ల్యాబ్‌లోకి వెళ్ళే పరిశోధకుల్లో ఎంతమందికి ఆ మాట చదివి వినిపించారు?

పాఠం చెప్పే పద్ధతి మారితే వెనక ఉంచబడ్డవాళ్ళకి ఏమవుతుందన్నదానికి లెక్కలున్నాయి. అమెరికాలో సైన్స్, ఇంజనీరింగ్, లెక్కల కోర్సుల మీద 225 అధ్యయనాలని కలిపి 2014లో చూస్తే, ఉపన్యాసం ఒక్కటే ఉన్న క్లాసుల్లో ఫెయిలైనవాళ్ళు సగటున 33.8 శాతం, విద్యార్థులతో పనిచేయించే క్లాసుల్లో 21.8 శాతం. 2020లో వచ్చిన ఇంకో విశ్లేషణ ప్రకారం, అట్లాంటి క్లాసుల్లో పేద, అణగారిన జాతుల విద్యార్థులకీ మిగతావాళ్ళకీ మధ్య పరీక్ష మార్కుల్లో తేడా 33 శాతం తగ్గింది, పాసవడంలో తేడా 45 శాతం తగ్గింది. అమెరికా జాతీ మన కులమూ ఒకటి కావు. అయినా విద్యార్థి సామర్థ్యం అని మనం అనుకునేదాంట్లో టీచరు పద్ధతి వాటా ఎంతో ఈ లెక్కలు చెబుతున్నాయి.

ఏ భాషలో?

సైన్స్ నెట్ పేపరు ఇంగ్లిష్‌లో, హిందీలో ఉంటుంది. ఎమ్మెస్సీ మొత్తం ఇంగ్లిష్. 1968లో పెట్టిన తెలుగు అకాడమీ డిగ్రీ దాకా సైన్స్ పుస్తకాలు తెలుగులో వేసింది, మనలో చాలామంది వాటితోనే చదువుకున్నారు. ఆ మేలు మర్చిపోం. కానీ ద్రవ్యవేగం, జడత్వ భ్రామకం అనే మాటలు ఏ తెలుగు? మా అమ్మ మాట్లాడే తెలుగులో భ్రామకమూ లేదు, మొమెంటూ లేదు. ఒక పరాయి భాషలోంచి ఇంకో పరాయి భాషలోకి మారడమే మాకు చదువయింది. 2021లో ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీలన్నిటినీ ఇంగ్లిష్ మీడియంకి మార్చింది. మేం ఇంగ్లిష్‌కి వ్యతిరేకులం కాం. ఇంగ్లిష్ మాకు దక్కకుండా చేసినవాళ్ళు మాతృభాష గురించి చెప్తే వినం. పేపరు ఇంగ్లిష్‌లో ఉండటం వేరు, అర్థమయ్యేలా చెప్పడం వేరు. తిరగలి పిడి మధ్యలో కాకుండా అంచున ఎందుకు పెడతారు అని అడిగితే టార్క్ గురించి సగం పాఠం అయిపోతుంది. ఆ పిడి పట్టుకుని తిప్పిన ఇంటినుంచి వచ్చిన పరిశోధకుడు క్లాసులో ఆ మాట అనడానికి జంకుతాడు, స్థాయి తగ్గిందంటారేమోనని. రెండు భాషల మధ్య ఎట్లా నడవాలో నేర్పడం శిక్షణలో ముఖ్యమైన భాగం కావాలి.

ఇందాక వేరే పాఠాలు అన్నాం. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం ఇంగ్లిష్‌లో రాసిన పుస్తకం, ఉత్పత్తి కులాల పనిలో ఉన్న శాస్త్రాన్ని చెప్పింది. మాదిగల లంద తీసుకోండి. సున్నం నీళ్ళలో తోలు నానితే వెంట్రుకలు వదులవుతాయి. తంగేడు చెక్క రసంలోని టానిన్లు తోలులోని కొల్లాజెన్ పోగుల్ని పట్టి బంధిస్తాయి, తోలు కుళ్ళదు. హైడ్రోజన్ బంధం గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు ఉందా? మద్రాసులో 1948 నుంచి కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థ ఉంది. అయినా మన కెమిస్ట్రీ క్లాసులో లంద వాసన రాదు. అయితే ఒక జాగ్రత్త. ఇంటి పని తెలియని లెక్చరర్ ఉత్సాహపడి, 'నీకు తెలుసుగా, లేచి చెప్పు' అని ఒక పిల్లవాడిని నిలబెడితే అది పాఠం కాదు, వాడి కులాన్ని నలుగురి ముందు చాటడం. జ్ఞానాన్ని క్లాసులోకి తేవాలి, పిల్లవాడిని ప్రదర్శనకి పెట్టకూడదు. ఈ తేడా కూడా నేర్చుకుంటేనే వస్తుంది.

ఇట్లాంటి పని మన దేశంలో జరగలేదని కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్‌లో 16 బడుల్లో మొదలైన సైన్స్ బోధనా కార్యక్రమానికి ఢిల్లీ విశ్వవిద్యాలయం ఫిజిక్స్ వాళ్ళు వెళ్ళి, పల్లెటూరి టీచర్లతో కూచుని, చేసి నేర్చుకునే పద్ధతిని తయారుచేశారు. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. బడి టీచర్లకి అంత శ్రద్ధగా శిక్షణ ఇచ్చిన విశ్వవిద్యాలయం తన సొంత టీచర్ల విషయంలో ఆ పద్ధతిని ఎందుకు పట్టించుకోలేదు? బడి టీచరు నేర్చుకోవాల్సినవాడు, ప్రొఫెసర్ నేర్పాల్సినవాడు అన్న మెట్ల వ్యవస్థ అక్కడా ఉంది. మనకి వేరే సంప్రదాయం ఉంది. సావిత్రిబాయి ఫూలే శిక్షణ తీసుకుని టీచరయింది. అంబేద్కర్ 1920ల్లో బొంబాయి యూనివర్సిటీ సంస్కరణల సంఘానికి ఇచ్చిన జవాబుల్లో, బోధన నుంచి విడదీస్తే పరిశోధన కూడా దెబ్బతింటుందని వాదించాడు. కులం వల్ల కలకత్తా హిందూ హాస్టల్‌లో తోటివాళ్ళతో కలిసి అన్నం తినలేకపోయిన మేఘనాథ్ సాహా, అలహాబాద్‌లో పాఠాలు చెబుతూ శ్రీవాస్తవతో కలిసి ఉష్ణం మీద రాసిన పుస్తకంతో తర్వాతి తరాలు ఫిజిక్స్ నేర్చుకున్నాయి. ఈ ముగ్గురూ పాఠం చెప్పడాన్ని చిన్న పనిగా చూడలేదు.

ఏం అడగాలి?

ఒకటి. శిక్షణ ఇవ్వడం డిపార్ట్‌మెంటు బాధ్యత అని రాతపూర్వకంగా ఉండాలి. ఎవరు ఇస్తారో పేరుండాలి. పరిశోధకుడు చెప్పిన ప్రతి గంటా వాడి పేరు మీద రాయాలి, ఆరు గంటలు దాటకూడదు.

రెండు. క్లాసుకి ముందు ఒక సమావేశం, క్లాసులో ఒకరు కూచుని చూడటం, తర్వాత మాట్లాడుకోవడం. గైడ్ ఒక్కడే చూస్తే తనిఖీ అవుతుంది. తోటి పరిశోధకులు చూడాలి. సీనియర్ ప్రొఫెసర్లు కూడా తమ క్లాసు తలుపు తెరిచిపెట్టాలి.

మూడు. మూల్యాంకనం శిక్షణలో ప్రధాన భాగం కావాలి. రాత పేపర్ల మీద పేర్లుండకూడదు. వైవాలో అందరికీ ఒకే వరస ప్రశ్నలు ముందే రాసుకోవాలి.

నాలుగు. కులం, జెండర్, భాష శిక్షణ సిలబస్‌లో ఉండాలి. అది దళితులకి విడిగా పెట్టే రెమిడియల్ క్లాసు కాకూడదు. అందరికీ ఉండాలి.

అయిదు. గెస్ట్, పార్ట్ టైమ్, కాంట్రాక్టు అధ్యాపకులకి జీతం కోత లేకుండా ఇదే శిక్షణ అందాలి.

ఒక భయం మాకూ ఉంది. రేపు ఈ శిక్షణనే ఇంకో సర్టిఫికెట్ చేసి, అది లేదని మనవాళ్ళనే ఇంటర్వ్యూ నుంచి తిప్పి పంపొచ్చు. అందుకే శిక్షణ ఇవ్వకపోవడం సంస్థ లోపంగా లెక్కించాలి, అభ్యర్థి లోపంగా కాదు అన్న షరతు మొదటి రోజునే రాయించాలి. ఇప్పుడున్న స్థితి అంతకంటే ప్రమాదం. రిజర్వుడు పోస్టుకి వచ్చిన మనిషిని పది నిమిషాలు మాట్లాడించి 'తగినవారు దొరకలేదు' అని రాసేస్తున్నారు. తగడం అంటే ఏమిటో ఎక్కడా రాసి లేదు కాబట్టి ఎవరూ అడగలేకపోతున్నారు. మంచి పాఠం అంటే ఏమిటో బయటపెట్టి, అందరికీ నేర్పి, ఎంపిక రోజున అందరితో క్లాసు చెప్పించి, చూసినవాళ్ళు కారణాలు రాయాల్సి వస్తే, ఆ ఒక్క వాక్యంతో పోస్టు ఖాళీగా ఉంచడం అంత తేలిక కాదు.

యూజీసీ నిబంధన మారేదాకా ఆగక్కర్లేదు. ప్రతి క్యాంపస్‌లోనూ విద్యార్థి సంఘాలు ముందు ఒక లెక్క తియ్యొచ్చు: సైన్స్ డిపార్ట్‌మెంట్లలో పరిశోధకులు వారానికి ఎన్ని గంటలు పాఠం చెబుతున్నారు, ఎవరి పేరు మీద, ఏ శిక్షణతో, ఎవరికి ఆ అవకాశమే రావడం లేదు. సమాచార హక్కు దరఖాస్తు ఒకటి, నోట్‌బుక్ ఒకటి చాలు. మన అధ్యాపకులు ఇంకో పని చెయ్యొచ్చు. వారానికి ఒక సాయంత్రం ఖాళీ క్లాసు రూం తీసుకుని, కొత్తగా చేరిన పరిశోధకుల చేత పాఠం చెప్పించి వినొచ్చు. టైట్రేషన్ దగ్గర నోరు పెగలని మా మిత్రుడు ఇప్పుడు అదే చేస్తున్నాడు. మొదటి రోజు నలుగురు వచ్చారు. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నతోనే మొదలుపెట్టాడు.